మచ్చా, రంగు పగులా?

సంపాదకులకు,

పాత చిత్రాల్లో కనిపించే చర్మవ్యాధుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగానే ఉంది. కానీ మోనాలిసాకు కొలెస్ట్రాల్ జబ్బు ఉందని తేల్చేయడం తొందరపాటు. ఆమె ఎడమకంటి లోపలి మూల దగ్గర చిన్న ఉబ్బు కనిపించే మాట నిజమే, జాంథెలాస్మా (కనురెప్పల మీద కొలెస్ట్రాల్ పేరుకుని వచ్చే పసుపు మచ్చ) వచ్చేదీ అక్కడే. అయితే దాన్ని పట్టిచ్చేది పసుపు రంగు. 500 ఏళ్లలో వార్నిష్ ముదిరి బొమ్మంతా పసుపుబారింది, ఇక రంగును ఎలా నమ్ముతాం? పైగా జాంథెలాస్మా ఉన్నవారిలో దాదాపు సగం మందికి కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది.

ఇటలీ చిత్రకారుడు గిర్లాండాయో 1490 ప్రాంతంలో వేసిన తాతామనవళ్ల చిత్రం సంగతి వేరు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మలో తాత ముక్కు గుబ్బలు గుబ్బలుగా ఉబ్బి ఉంటుంది. అది రైనోఫైమా. నమ్మొచ్చు, ఎందుకంటే అదే వృద్ధుడిదని భావించే గీతచిత్రం స్టాక్‌హోమ్‌లో ఉంది, అందులోనూ అదే ముక్కు. (తాగితేనే అలా అవుతుందన్నది అపోహ. ముక్కు చర్మంలోని నూనె గ్రంథులు పెరిగిపోతే వస్తుంది.)

మన అమరావతి శిల్పాల ముఖాల మీది గుంటలు చూసి మశూచి అనేస్తే చిక్కే. అవి చెక్కిన సున్నపురాయి వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లానికే కరుగుతుంది. మ్యూజియం వారి అనుమతితో, రాయిని తాకకుండా, టార్చిని ఎదురుగా కాక బాగా పక్కవాటుగా వేసి చూడండి. గుంటల అంచులు నీడల్లో తేలతాయి. అవే గుంటలు పక్కనున్న పద్మం రేకుల మీదా ఉంటే అది రాయి కరిగిన గుర్తే. తామరపువ్వుకు మశూచి రాదు కదా! తైలవర్ణ చిత్రాల్లోనూ అంతే: చెంప మీది గీత చొక్కా మీదకీ సాగితే అది రంగు పగులు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది మూడో బొమ్మ కింద వేసిన ‘కుష్ఠు రోగి’ అన్న మాట. అందులో ఉన్నవి పాలలా తెల్లని మచ్చలు మాత్రమే. కుష్ఠు మచ్చ పాలిపోతుంది, లేదా ఎర్రబారుతుంది గానీ అంత తెల్లబడదు. దాని అసలు గుర్తు స్పర్శ పోవడం, అది బొమ్మలో కనపడదు. అందుకే కనుబొమలు రాలడం, ముక్కు దూలం కుంగడం, వేళ్లు వంకరపోవడం వంటివి కనీసం రెండైనా కలిసి కనిపిస్తే తప్ప ఆ పేరు పెట్టకూడదు. ఆ బొమ్మలోనివి బొల్లి మచ్చలు కావచ్చు. బొల్లి అంటుకోదు. దయచేసి సవరణ ప్రచురించగలరు.

— చర్మవ్యాధుల వైద్యులు, గుంటూరు