అమ్మ వేషానికి వయసెంత?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ సినిమా పేజీలో ఒకప్పటి హీరోయిన్ ‘రీఎంట్రీ’ వార్త చదివాను. అప్పటి నుంచీ మనసు కుదుటపడక ఈ ఉత్తరం. నలభై ఐదేళ్ల ఆవిడ అమ్మ వేషం వేస్తున్నారని, ‘వయసు మీదపడినా అందం తగ్గలేద’ని రాశారు. కొడుకు వేషం వేసే హీరో వయసు మాత్రం రాయలేదు. ఎందుకు రాయరు?

ఇది ఇవాళ్టి సంగతీ కాదు. ‘మదర్ ఇండియా’లో తల్లి నర్గీస్, కొడుకు సునీల్ దత్ ఇద్దరూ పుట్టింది 1929 జూన్‌లోనే. ‘గుండమ్మ కథ’ వచ్చిన 1962లో సూర్యకాంతం గారికి నలభై కూడా నిండలేదు. అల్లుడిగా వేసిన రామారావు గారు ఆవిడకంటే ఏడాదికి పైగా పెద్ద. ఆ మహానటికి చేతినిండా పాత్ర ఉంది, నిలబెట్టారు. ఇప్పుడు నిలబెట్టడానికి పాత్రే రాయడం లేదు.

మొన్న రాత్రి సీరియల్లో ఒక బామ్మ గారు అరగంటసేపూ సోఫా చివరే కూర్చున్నారు. కోడళ్లు అరుచుకుంటుంటే కెమెరా మూడుసార్లు ఆవిడ మొహం మీదికి వెళ్లింది. మూడుసార్లూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక్క మాట లేదు. ఆ కళ్లలో ఎంత నటన ఉందో! పెద్దావిడంటే అయితే ఏడవాలి, లేకపోతే విషం కలపాలి. ఉద్యోగం చేసి, రిటైరై, తన నిర్ణయాలు తనే తీసుకునే మనిషి ఈ రచయితలకు ఎక్కడా తారసపడలేదా?

వార్తలు చదివే మగాయన జుట్టు నెరిస్తే అనుభవం అంటారు. ఆడవాళ్లకు ఆ మర్యాద లేదు. బ్రిటన్‌లో మిరియం ఓరైలీ అనే వ్యాఖ్యాత బీబీసీ మీద ట్రైబ్యునల్‌కెక్కి, వయసు వివక్ష కేసు 2011లో గెలిచారు. అంతదూరం వెళ్లే ఓపిక అందరికీ ఎక్కడిది?

తెర మీద చూసిందే బయటా అలవాటవుతోంది. ఈమధ్య నా పెన్షన్ పని మీద ఒక ఆఫీసుకు వెళ్తే, సంతకం పెట్టాల్సింది నేనైనా గుమాస్తా ప్రతి ప్రశ్నా మా అబ్బాయినే అడిగాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని. ‘నాకు బాగానే వినపడుతుంది బాబూ’ అన్నాను. అప్పుడూ మావాడి వైపే చూసి నవ్వాడు.

పెద్ద వయసు ఆడవాళ్ల కథలు ఎవరూ చూడరనడం వట్టి మాట. 2021లో కొరియా నటి యున్ యు జంగ్‌ 73 ఏళ్లకు, 2023లో మలేషియా నటి మిషెల్ యో 60 ఏళ్లకు ఆస్కార్ అందుకున్నారు. పాత్రలు రాశారు కాబట్టే కదా!

నిర్మాతలు ఎప్పుడు మారతారో తెలియదు. మీ సినిమా పేజీ మీ చేతిలోనే ఉంది. ఇకమీదట నటి వయసు వేసిన ప్రతి వార్తలోనూ పక్కనున్న హీరో వయసు కూడా వేయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల టీచర్