ఒకే ప్రెస్, పది చేతులు

అయ్యా,

మీ పత్రిక కళల పేజీలో పెయింటింగ్‌కు దొరికే చోటు ప్రింట్‌మేకింగ్‌కు, అంటే ప్లేటు మీద బొమ్మ చేసి కాగితంపై అచ్చువేసే కళకు, దొరకడం లేదు. పెయింటింగ్‌కు కాగితం, కుంచె, రంగులు ఉంటే చాలు. అదే ఎచింగ్ (లోహపు ప్లేటు మీద గీతలను యాసిడ్‌తో కొరికించి అచ్చువేసే పద్ధతి) చేయాలంటే బరువైన ప్రెస్, అంటే అచ్చు యంత్రం కావాలి, యాసిడ్ తొట్టె కావాలి, దాని ఆవిర్లు బయటికి పోయే దారీ ఉండాలి. ఇదంతా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నలుగురూ కలిసి వాడుకునే స్టూడియోలు అందుకే పుట్టాయి.

నేను నేర్చుకున్నది అలాంటి చోటే. మొదటిరోజు ప్లేటు మీద ఇంకు మరీ ఎక్కువ తుడిచేశాను, ప్రింటు పాలిపోయి వచ్చింది. పక్క బల్ల దగ్గరున్న పెద్దావిడ నా చేతిలో గుడ్డ తీసుకుని ఉండలా చుట్టి, ఎంత తేలిగ్గా తుడవాలో చూపించారు. ఆ ఒత్తిడి ఎంతో పుస్తకంలో చదివితే తెలిసేది కాదు.

1927లో బ్రిటిష్ కళాకారుడు హేటర్ పారిస్‌లో మొదలుపెట్టిన అటెలియే 17 స్టూడియో కూడా ఇలా అందరూ కలిసి పనిచేసిన చోటే. చిక్కని, పల్చని ఇంకులతో ఒకే ప్లేటు నుంచి పలు రంగులు ఒకేసారి అచ్చువేసే పద్ధతిని హేటర్, భారతీయ కళాకారులు కృష్ణారెడ్డి, కైకో మోతీ అక్కడే రూపొందించారు.

ప్రింట్ల మార్పిడి నాకు ఇంకా ఇష్టం. పదిమంది చేరితే ఒక్కొక్కరు తమ బొమ్మకు పదేసి ప్రతులు తీసి, అందరికీ ఒక్కొక్కటి పంచుతారు. చివరికి అందరి చేతికీ పది బొమ్మల కట్ట వస్తుంది. నా కట్టలో ఒకదాని అంచున పెన్సిల్‌తో 3/10 (పది ప్రతుల్లో మూడోది) అని ఉంది, పక్కన ఇంకు వేలిముద్ర. దాన్ని చెరపాలనిపించలేదు.

దయచేసి మీ విలేఖరిని ఒక పూట ఇలాంటి స్టూడియోకి పంపండి.

— ఒక పాఠకురాలు