ధింసా ఆడించారు సరే, ఆడేవాళ్ల గురించి ఎప్పుడు చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా మనవరాలి బడి వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి పిల్లలు ధింసా నృత్యం ఆడారు. ముచ్చటేసింది. ఇంటికొచ్చాక "ఇది ఎవరి ఆటమ్మా?" అని అడిగాను. "అరకు వాళ్లది తాతా" అంది. అరకులో ఎవరు, ఎప్పుడు ఆడతారంటే నోరు మెదపలేదు. తప్పు పిల్లది కాదు. నెల రోజులు అడుగులు నేర్పినవాళ్లు ఆ మనుషుల గురించి ఒక్క పీరియడ్ కూడా కేటాయించలేదు.

సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. ధింసా అంటే అద్దె చీరలూ పూసల దండలూ కాదు. భగత, వాల్మీకి, కొండదొర, పోర్జా, ఇంకా ఎన్నో తెగల వాళ్లు చైత్రమాసంలో, పెళ్లిళ్లలో తుడుం, మోరి, కిరిడి మోగుతుంటే ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడతారు. పొరుగూరితో స్నేహం కలుపుకునేదీ ఆ ఆటతోనే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని పండిస్తున్నదీ ఈ ఆదివాసీ రైతులే. అల్లూరి సీతారామరాజు మీద మన పిల్లలు పేజీ నిండా జవాబు రాస్తారు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, మల్లుదొర ఎవరో, అడవి చట్టాలు పోడు సాగుకు అడ్డుపడితే, రోడ్డు పనికి కూలి ఎగ్గొడితే మన్యం 1922లో ఎందుకు భగ్గుమందో ఆ జవాబులో ఉండదు.

అరకు దాకా అక్కర్లేదు. జాలారిపేట గంగపుత్రుల ఇళ్లు, బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు స్థిరపడిన కంచరపాలెం బర్మా క్యాంపు మన విశాఖలోనే ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు మన తరగతుల్లోనే కూర్చుంటారు.

గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, ఆగస్టు 29న, బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. వాడుక భాష కోసం పోరాడారని చెప్పి దండ వేస్తాం. అంతకుముందే ఆయన పర్లాకిమిడిలో సవర ఆదివాసీలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారనీ, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడి పెట్టి సవరలోనే చదువు చెప్పించారనీ ఎంతమంది చెబుతున్నాం? 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించిందీ ఆయనే. ఇంటి భాషలో చదువు చెప్పాలన్న ఆ పట్టుదలను సవరల ఊసెత్తకుండా పిల్లలకు ఎలా చెప్పగలం?

జిల్లా విద్యాశాఖకు నా విన్నపం ఒక్కటే. ఆరో తరగతి నుంచి నెలకు ఒక సోషల్ పీరియడ్ ఇలాంటి మనుషుల గురించి చెప్పడానికి ఇవ్వండి. జాలారిపేట నుంచి వల అల్లే పెద్దమ్మనో, మన్యం నుంచి మోరి ఊదే తాతనో బడికి పిలవండి. దారి ఖర్చులతో పాటు గౌరవ వేతనం ఇవ్వండి, వాళ్లు వచ్చేది పాఠం చెప్పడానికి కదా. ఒక్క జాగ్రత్త: తరగతిలో ఆ సమూహం బిడ్డ ఉంటే నలుగురిలో లేపి నిలబెట్టి "మీవాళ్ల గురించి చెప్పు" అనకండి. చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు.

వచ్చే ఆగస్టు 29 నాటికి కనీసం కొన్ని బడుల్లోనైనా ఇది మొదలుపెట్టమని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం