లారెడో నీళ్ల కోసం టెక్సాస్ గవర్నర్‌కు బహిరంగ లేఖ

గవర్నర్ గారికి నమస్కారం.

నేను ఆస్టిన్‌లో ఉంటున్న తెలుగువాణ్ణి. మా వాళ్లు ఎక్కువగా డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టూనే ఉంటారు. టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు మీదున్న లారెడో పేరెత్తితే చాలామందికి బోర్డరు, పోలీసులు, గొడవలే గుర్తొస్తాయి. మన ఇళ్లలోకి వచ్చే సరుకులో ఎంత ఆ ఊరి మీదుగా వస్తోందో తెలిస్తే అలా అనుకోరు.

2020 జనాభా లెక్కల్లో అక్కడ 2,55,205 మంది ఉన్నారు. నూటికి దాదాపు 95 మంది హిస్పానిక్‌లే, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లే. వాళ్లందరినీ నిన్నగాక మొన్న నది దాటి వచ్చినవాళ్లలా చూడటం అన్యాయం. ఆ ఊరు 1755లో పుట్టింది, అప్పటికి అమెరికా అనే దేశమే లేదు. అమెరికా-మెక్సికో యుద్ధం ముగించిన 1848 ఒప్పందంతో సరిహద్దు రియో గ్రాండే నది మీదికి జరిగింది గానీ, జనం చాలామంది ఉన్నచోటే ఉన్నారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో మాట్లాడేది స్పానిషే. చుట్టాలు అవతలి ఒడ్డున మెక్సికో ఊరు న్యూవో లారెడోలోనూ ఉంటారు.

ఆ ఊరి పని ఎలా నడుస్తుందో చూడండి. మెక్సికో లోపలి నుంచి వచ్చిన లారీ ట్రైలర్‌ను న్యూవో లారెడో యార్డులో వదిలేసి వెళ్లిపోతుంది. వంతెన దాటించడానికే ఉన్న ట్రాన్స్‌ఫర్ లారీ దాన్ని తగిలించుకుని వరల్డ్ ట్రేడ్ బ్రిడ్జి మీద వరసలో నిలబడుతుంది. సరుకు సరిహద్దు దాటించే పని చూసే కస్టమ్స్ బ్రోకర్ కాగితాలన్నీ ముందే సిద్ధం చేసి ఉంచుతాడు. తనిఖీ అయ్యాక ట్రైలర్ మైన్స్ రోడ్డు పక్క గోడౌన్‌కో యార్డుకో చేరుతుంది. అక్కడ ఇంకో డ్రైవరు దాన్ని అందుకుని ఉత్తరానికి వెళ్లే ఐ-35 హైవే ఎక్కుతాడు. 2024లో లారెడో మీదుగా సాగిన మొత్తం వ్యాపారం 30,000 కోట్ల డాలర్లు దాటింది.

అందులో ఊరికి మిగిలేది డ్రైవర్ల జీతాలు, గోడౌన్ కూలి, బ్రోకర్ల ఫీజులు, దక్షిణానికి వెళ్లే బండ్ల టోలు. ఐదుగురిలో ఒకరికి పైగా పేదరికంలోనే ఉన్నారు. డౌన్‌టౌన్ దుకాణాలు అవతలి నుంచి నడిచి వచ్చే గిరాకీని నమ్ముకున్నవి. కోవిడ్ వల్ల 2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా ఆ గిరాకీని సరిహద్దు దగ్గరే ఆపేశారు. అదే సమయంలో సరుకు లారీలు మాత్రం ఆగలేదు. మనకు కావలసింది మనకు అందింది, వాళ్ల షట్టర్లు పడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2024 అక్టోబరులో కుళాయి నీళ్లలో ఈ-కోలి బ్యాక్టీరియా బయటపడి, నీళ్లు మరిగించుకుని తాగమని ఊరంతటికీ చెప్పాల్సి వచ్చింది. రోజంతా గోడౌన్లో పనిచేసి వచ్చిన తల్లి పసిబిడ్డ పాల కోసం నీళ్లు కాచి చల్లార్చాలి, పళ్లు తోముకోవడానికీ మళ్లీ అవే నీళ్లు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఆ ఊరికి రియో గ్రాండే తప్ప వేరే నీటి ఆధారం లేదు. అవతలి ఊరు తాగేదీ ఆ నీళ్లే. ఎగువన ఆమిస్టాడ్ జలాశయం ఎండితే ఇద్దరికీ కష్టమే. ఊరి బయట కొలోనియాల్లోనైతే, అంటే సరైన వసతులు లేని పేదల కాలనీల్లో, కొన్ని ఇళ్లకు కుళాయే లేదు.

నీటి పనుల కోసం పెట్టిన రాష్ట్ర నిధి టెక్సాస్ వాటర్ ఫండ్‌కు ఓటర్లు 2023 నవంబరులో 100 కోట్ల డాలర్లు ఆమోదించారు. అందులోంచి లారెడోకు రెండో నీటి వనరు వెతకడానికి, పాత పైపులు మార్చడానికి డబ్బు ఇవ్వండి. అప్పుగా కాదు, గ్రాంటుగా ఇవ్వండి. అప్పయితే అది నెలనెలా నీటి బిల్లులోకే వస్తుంది, కట్టేది ఆ గోడౌన్ కూలీలే. ఎంత ఇస్తారో, ఎప్పటికి ఇస్తారో మీరే లారెడో వెళ్లి వాళ్లకు చెప్పండి.

ఇట్లు,
ఆస్టిన్ నుంచి ఒక తెలుగువాడు