మా బాబు కుర్చీ పట్టని పార్కు గేటు: అధికారి గారికి బహిరంగ లేఖ

మా ఏరియా పార్కులు చూసే అధికారి గారికి నమస్కారం.

సార్, మూడుసార్లు అర్జీ ఇచ్చిన, జవాబు రాలే, అందుకే నలుగురి ముందు రాస్తున్న. మా బాబుకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులోని లోపం వల్ల ఒంటి కదలికలు వాడి పట్టుల ఉండవు, వీల్‌చైర్‌లనే తిరుగుతడు. బైకులు రావద్దని పార్కు గేటుకి ఇనుప పైపులు అడ్డం పెట్టిన్రు, వాటి మధ్యల వాడి కుర్చీ పట్టదు. రోజూ సాయంత్రం ఆ పైపు పట్టుకుని, లోపల ఊయల ఊగే పిల్లల్ని చూసుకుంట "ఇప్పుడు నా వంతా అమ్మా" అంటడు, మాట తడబడుతది గానీ నాకు అర్థమైతది.

ఒకప్పుడు మా చుట్టాలే ఫంక్షన్లకి "వాణ్ణి ఇంట్ల ఉంచి రా" అనేటోళ్లు. మా అత్తమ్మ ఒప్పుకోలే, బోనాలకి ముందు వరసలనే కూర్చోబెట్టింది, ఇప్పుడు గల్లీ పిల్లలే వచ్చి వాడి ఒళ్లో డప్పు పెడ్తరు. ఇంట్ల వాళ్లు మారిన్రు సార్, గేటే మారలే.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ఆటపాటల్లో కూడా వీళ్లకి సమాన హక్కు ఇచ్చింది. నేను దయ అడుగుతలేను. వీల్‌చైర్ పట్టేంత దారి, మెట్టు కాడ ర్యాంపు, వీపు ఆనే బెల్టు ఊయల ఒక్కటి, ఇవి నెలలోపు చేయించండి, ఎప్పట్లోగా అయితదో రాతపూర్వకంగా చెప్పండి. ఒకసారి మీరే వచ్చి చూడండి, సాయంత్రం ఐదున్నరకి మేం గేటు కాడనే ఉంటం.

ఇట్లు,
ఒక తల్లి, హైదరాబాద్