పది రోజుల్లో విజయవాడలో చలి ఎక్కడి నుంచి తేను?

విజయవాడ,
ఫిబ్రవరి 12, 2025.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ వెబ్‌సైటులో కొన్న ఆడవారి చలికోటు ప్రకటనలో చెప్పినట్టు లేకపోవడం, డబ్బు వాపసు కోరడం గురించి.

అయ్యా/అమ్మా,

నవంబరు 18న మీ దగ్గర 13,499 రూపాయలు పెట్టి ఒక చలికోటు కొన్నాను. దాని గురించి మీ వినియోగదారుల సేవా విభాగానికి ఇప్పటికి మూడుసార్లు రాశాను. మొదటిసారి ఆర్డరు నంబరు చెప్పమన్నారు. అది నా ఉత్తరం మొదటి వరుసలోనే ఉంది. రెండోసారి, సరుకు అందిన పది రోజుల్లోగా వాపసు చేయాలి కనుక గడువు దాటిపోయిందన్నారు. మూడోసారి, నాకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ మరో కోటు మీద పది శాతం తగ్గింపు కూపను పంపారు. విజయవాడలో కాపురం ఉండేదాన్ని. నాకు రెండో చలికోటు ఎందుకో కూపను పంపినవారే చెప్పాలి.

ముందు ఆ పది రోజుల సంగతి తేల్చుకుందాం. కోటు నాకు నవంబరు 23న అందింది. అప్పుడు మా ఇంట్లో మధ్యాహ్నం పూట పంకా తిరుగుతోంది. అద్దం ముందు తొడుక్కుని చూశాను. కొలత సరిపోయింది, రంగు బాగుంది, రెండు నిమిషాల్లో వీపున చెమట పట్టింది. మా ఊళ్ళో చలికోటును ఇంతకు మించి ఎలా పరీక్షించాలి? ఐస్‌క్రీం గోదాములో అరగంట కూర్చోవాలా? స్నానాల గదిలో కోటు తొడుక్కుని నెత్తిన చెంబుతో నీళ్ళు పోసుకోవాలా? ఒకవేళ పోసుకుని ఉంటే, వాడిన సరుకు వాపసు తీసుకోబోమని మీరే అని ఉండేవారు. చలికోటు లోపం చలిలోనే బయటపడుతుంది. నాకు ఆ చలి జనవరిలో దొరికింది, చెక్ దేశంలోని ప్రాగ్ నగరంలో.

మా అమ్మాయి జర్మనీలో, డ్రెస్డెన్‌లో చదువుకుంటోంది. అక్కడి నుంచి ప్రాగ్‌కు రైల్లో సుమారు రెండున్నర గంటలు. నేనూ మా వారూ వెళ్ళి, అమ్మాయితో కలిసి నాలుగు రోజులు ఆ ఊరు చూసి రావాలని అనుకున్నాం. కోటు కొనే ముందు అమ్మాయి ఫోనులో ఒక మాట చెప్పింది: "అమ్మా, కొండలెక్కేవాళ్ళ కోటు కొనకు. నువ్వు ఎక్కువసేపు నిలబడతావు." అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత బాగా అర్థమైంది. నడిచేవాడికి ఒంట్లోనే వేడి పుడుతుంది. ఊరు చూసేవాడు పది అడుగులు వేసి ఒక గోపురం కింద ఆగుతాడు, టిక్కెట్టు వరుసలో ఆగుతాడు, ఫొటోకు ఆగుతాడు, ట్రాము కోసం ఆగుతాడు. ఆగిన ప్రతిసారీ కోటే దిక్కు. మ్యూజియంలోకి, హోటల్లోకి వెళితే మళ్ళీ లోపలంతా వెచ్చగా ఉంటుంది కాబట్టి రోజుకు పదిసార్లు విప్పాలి, పదిసార్లు తొడగాలి. కుర్తా అంచు కిందికి వేలాడకుండా మోకాలిదాకా పొడవుండాలి, అంత పొడవున్నా ట్రాములో కూర్చున్నప్పుడు పొట్ట దగ్గర ముడుచుకోకూడదు. సాయంత్రం నాటకశాలకు కూడా అదే కోటుతో వెళ్ళాలి కాబట్టి చూడటానికీ మర్యాదగా ఉండాలి.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వారం రోజులు వెతికాను. మీ తెలుగు పేజీలో ఈ సరుకు పేరు "నగర విహారానికి స్టైలిష్ శీతాకాలపు జాకెట్టు" అని ఉంది. మా ఇళ్ళలో జాకెట్టు అంటే చీర మీదికి తొడిగే రవిక. పదమూడు వేలు పెట్టి జాకెట్టు కొన్నానని విని మా అత్తగారు జరీ ఎంత ఉందని అడిగారు. అది మీ అనువాదకుడి పొరపాటు, నవ్వి వదిలేశాను. ఆ పేరు కింద రాసిన మాటలు మాత్రం వదిలేసేవి కావు, ఎందుకంటే వాటిని చూసే నేను డబ్బు కట్టాను: 90 శాతం బాతు నూగు (ఈకల కింద ఉండే మెత్తటి పొర), వాననీరు లోపలికి రాదు, పైనుంచీ కిందనుంచీ తెరుచుకునే జిప్పు, పాస్‌పోర్టు పట్టే రెండు భద్రమైన జేబులు.

జేబులతో మొదలుపెడతాను. కొత్త కోటు జేబులకు పైన కచ్చా కుట్టు వేసి ఉంచడం మామూలే. దుకాణంలో వేలాడుతున్నప్పుడు ఆకారం చెడకుండా అలా వేస్తారు. కొన్నవాళ్ళు దాన్ని విప్పుకోవాలి. మా నాన్నగారు తెనాలిలో నలభై ఏళ్ళు దర్జీ పని చేశారు, నాకు ఆ మాత్రం తెలుసు. అందుకే రొమ్ము దగ్గర జేబుల మూతలు బిగించి ఉన్నా నేను కంగారు పడలేదు. ప్రయాణానికి ముందు రాత్రి డ్రెస్డెన్‌లో అమ్మాయి దగ్గర చిన్న కత్తెర తీసుకుని, ఒక్కొక్క పోగూ తెంపి, మూత ఎత్తి చెయ్యి పెట్టాను. చెయ్యి వెళ్ళలేదు. మూత కింద సాదా గుడ్డే ఉంది. రెండో వైపు విప్పాను, అక్కడా అంతే. నేను తెంపింది కచ్చా కుట్టు కాదు, అసలు కుట్టే. జేబు లేదు, జేబు మూత ఒక్కటే ఉంది! ఇంట్లోనే చూసుకోవలసిందని మీరు అంటే ఈ ఒక్క విషయంలో ఒప్పుకుంటాను. కానీ మీ ఫొటోలో ఉన్న అమ్మాయి ఆ మూత కింద వేళ్ళు పెట్టుకుని నిలబడింది. ఆమె వేళ్ళు ఎక్కడికి వెళ్ళాయి?

ప్రాగ్‌లో 22వ నంబరు ట్రాములో జేబుదొంగలుంటారని ప్రయాణికులను హెచ్చరిస్తుంటారు. నాలుగు రోజులూ నా పాస్‌పోర్టు మా వారి కోటులో ప్రయాణం చేసింది.

మా వారి కోటు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్రతి శీతాకాలం మా ఊరికి వచ్చి రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే టిబెటన్ల దగ్గర ఆయన 1,800 రూపాయలకు ఒక కోటు కొన్నారు. బొంతలా ఉంటుంది. దాని రంగుకు పేరు లేదు. ప్రాగ్ ఫొటోలు పాడైపోతాయని ఆ కోటు వద్దని నేను వారం రోజులు పోట్లాడాను.

రెండో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు పాత పట్టణ కూడలిలో ఉన్నాం. అక్కడి ఖగోళ గడియారం 1410 నాటిది. ఆ లెక్కన దానికి 600 ఏళ్ళు దాటాయి. గంట కొట్టేముందు పైనున్న రెండు చిన్న కిటికీలు తెరుచుకుని పన్నెండుమంది అపొస్తలుల బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. పక్కన అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది. చివర పైనున్న కోడి కూస్తుంది. అంతా కలిపి నిమిషం పట్టదు. కానీ ఆ నిమిషం కోసం మంచి చోటు దొరకాలంటే అరగంట ముందే వెళ్ళి నిలబడాలి. నిలబడ్డాం. వాన, మంచు కలిసిన తుంపర మొదలైంది. పెద్ద వాన కాదు, మా కృష్ణాతీరంలో దాన్ని వాన అని కూడా అనరు. పది నిమిషాలకు కుడి భుజం మీద చల్లగా ఒక గీత తగిలింది. ఇరవై నిమిషాలకు ఆ గీత వీపు దాకా దిగింది. బొమ్మలు కిటికీలోకి వచ్చేసరికి నాకు పళ్ళు కొట్టుకుంటున్నాయి. అస్థిపంజరం గంట కొట్టిందో లేదో నేను చూడలేదు. తర్వాత గంటకు చూడటానికి నిలబడే ఓపిక లేదు.

రాత్రి హోటల్లో కోటును తిరగేసి అస్తరు పక్కకు జరిపి చూస్తే అసలు సంగతి తెలిసింది. మీ పేజీలో రాసినట్టు గుడ్డకు నీటిని ఆపే పూత ఉండవచ్చు, కాదనను. కానీ గుడ్డ ఆపినంత మాత్రాన కోటు ఆపదు. భుజం కుట్టు పొడవునా సూది చేసిన రంధ్రాలు వందల్లో ఉంటాయి. వాన కోటు అని అమ్మాలంటే లోపలి నుంచి ఆ కుట్లన్నిటి మీదా పట్టీ అంటించి మూసేయాలి. మీ కోటులో ఒక్క అంగుళం కూడా అలాంటి పట్టీ లేదు. లోపల కుట్టిన చీటీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, "తేలికపాటి తుంపరను జారవిడుస్తుంది" అని ఉంది. వెబ్‌సైటులో వాన లోపలికి రాదు, చీటీలో తుంపర జారిపోతుంది. ఈ రెండూ ఒకటి కాదని మీకు తెలియదని నేను అనుకోను. తెలుసు కాబట్టే ఒకటి పెద్ద అక్షరాల్లో, రెండోది చిన్న అక్షరాల్లో వేశారు.

అదే చీటీలో కింది వరుస: నూగు 50 శాతం, ఈకలు 50 శాతం. ప్రకటనలోని 90 శాతం ఎక్కడికి పోయింది? తెలుగులో ఈ రెండింటికీ వేరువేరు మాటలున్నది ఊరికే కాదు. ఈకకు మధ్యలో కాడ ఉంటుంది, నూగుకు ఉండదు. నూగు ఉబ్బి తన మధ్య గాలిని పట్టి ఉంచుతుంది, వెచ్చదనమంతా ఆ గాలిదే. తడిస్తే దూది దిండు తడిసినట్టే ఉండలు కడుతుంది, గాలి పోతుంది, దానితో వెచ్చదనమూ పోతుంది. అంటే నూగు కోటుకు వానను ఆపడం అదనపు అలంకారం కాదు, ప్రాణం. ఇక మీరు సగానికి సగం నింపిన ఈకల కాడలు కుట్ల రంధ్రాల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. హోటల్లో భోజనం బల్ల దగ్గర మా అమ్మాయి నా మోచేతి నుంచి ఒక ఈకను లాగితే అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది, చివరికి బొటనవేలంత పొడవు తేలింది. దాన్ని సంచిలో దాచాను. ఈ ఉత్తరంతో పంపిస్తున్నాను.

మూడో రోజు చార్లెస్ వంతెన మీద జిప్పు పోయింది. ఎక్కువ చెప్పను. కింది రన్నరు పళ్ళను వదిలేసి, జిప్పు కింది నుంచి నడుము దాకా విచ్చుకుంది. ఆ వంతెన పొడవు 516 మీటర్లు, రెండు పక్కలా 30 విగ్రహాలు, కింద వల్తవా నది, అడ్డం లేని గాలి. ఫోనులో మైనస్ 2 డిగ్రీలు చూపించింది. దానికి గంటకు 20 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తెలిసేది మైనస్ 8. విగ్రహాల్లో నేను చూసింది ఆరో ఏడో. మా వారు మాట్లాడకుండా తన బొంతకోటు విప్పి నాకు తొడిగి, తాను రెండు స్వెట్టర్ల మీద నా శాలువా కప్పుకుని నడిచారు. ఆ మాట్లాడకపోవడాన్ని నేను ఎలా భరించానో మీ నష్టపరిహారాల పట్టికలో ఎక్కడా ఉండదు.

ఆ సాయంత్రం నేషనల్ థియేటర్‌కు వెళ్ళాం, 1883లో తిరిగి తెరిచిన భవనం, లోపల బంగారు పూత ధగధగలాడుతుంది. అక్కడ కోటుతో హాల్లోకి వెళ్ళరు, కింద కోట్లు తీసుకునే గదిలో అప్పగించి బిళ్ళ తీసుకోవాలి. కొక్కేనికి తగిలించడానికి కోటు మెడ దగ్గర లోపలివైపు ఒక చిన్న పట్టీ ఉంటుంది కదా, ఆ దేశంలో దానికి చాలా విలువ. నాటకం ముందు వందల కోట్లు వరసగా తగిలించాలి మరి. అక్కడున్న పెద్దావిడ నా కోటు అందుకుని, పట్టీ పట్టుకుని ఎత్తగానే పట్టీ ఆమె వేళ్ళ మధ్య ఉండిపోయింది, కోటు బల్ల మీద పడింది. ఆమె పట్టీని చూసింది, కోటును చూసింది, తర్వాత నన్ను చూసింది. భాష తెలియకపోయినా ఆ చూపు తెలుగులోనే ఉంది. పట్టీ రెండు చివర్లూ తలా రెండు పోగులతో అంటించినట్టు కుట్టారు. చొక్కా బొత్తానికైనా మా నాన్నగారు అంతకంటే ఎక్కువ దారం వాడేవారు. పక్కనే మా వారి కోటు మందపాటి పట్టీతో నిశ్చింతగా వేలాడింది.

న్యాయంగా చెప్పాలంటే మీ కోటు రంగు చాలా బాగుంది. ఆ ముదురు నీలం, ఆ కాలరు మలుపు, నడుము దగ్గర కోత, ఇవి తెలిసినవాళ్ళు చేసిన పని. మొదటి రోజు ఎండలో తీసిన మూడు ఫొటోల్లో నేను బాగానే ఉన్నాను. మీ దగ్గర బొమ్మ గీసేవారు ఉన్నారు. ఆ బొమ్మను తొడుక్కుని ఒక గంట వీధిలో నిలబడి చూసినవారు మాత్రం లేరు.

ఇప్పుడు నేను కోరేవి. 13,499 రూపాయలు పూర్తిగా, కూపను రూపంలో కాకుండా, కట్టిన ఖాతాకే తిరిగి వేయాలి. ఆ పేజీలో వాన, నూగు శాతం, జేబుల గురించి రాసినవాటిని చీటీలో ఉన్నట్టు దిద్దాలి. నిన్న రాత్రి చూశాను, ఇంకా అలాగే ఉన్నాయి, పైగా "కొద్ది సరుకే మిగిలింది" అని కూడా పెట్టారు. సంక్రాంతి తర్వాత ఎవరో ఒక తల్లి పిల్లల దగ్గరికి వెళ్ళడానికి ఇదే కోటు కొంటూ ఉంటుంది. చూడలేకపోయిన గడియారం బొమ్మలకు, చూడని ఇరవై మూడు విగ్రహాలకు నేను ఏమీ అడగడం లేదు.

ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. మీరు సొంతంగా పెట్టుకున్న పది రోజుల గడువు ఆ నియమాన్ని కొట్టివేయదు. అవే నియమాల ప్రకారం ఈ ఉత్తరం అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉంటున్న ఊళ్ళోనే, విజయవాడలోనే, జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. ఇంత చిన్న మొత్తానికి రుసుము కూడా లేదు. బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశాను. నాకు తీరిక ఉంది, కాగితాలు వరసగా పెట్టుకునే అలవాటూ ఉంది.

రసీదు, మీ పేజీ ఫొటోలు, లోపలి చీటీ ఫొటో, మీ మూడు జవాబుల నకళ్ళు, ఊడిన పట్టీ, పైన చెప్పిన ఈక జతపరిచాను. కోటు మా ఇంట్లో సంచిలో కట్టి ఉంది. తీసుకెళ్ళడానికి మీ మనిషి వచ్చేటప్పుడు సంచి మూతి విప్పవద్దని చెప్పండి, మా పనిమనిషి ఇల్లు ఒక్కసారే ఊడుస్తుంది.

ఇట్లు,
మీ వినియోగదారు