మిలిటరీ మేస్త్రి లేకుండా సోమవారం షెడ్డు తెరుస్తున్నాం

విజయవాడ ఆటోనగర్‌లోని మన బళ్ల మరమ్మతు షెడ్డు సోమవారం ఉదయం తొమ్మిదికి తెరుస్తున్నాం. నాన్న పోయి పదమూడు రోజులైంది. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్లిపోయారు. గేరుబాక్సు దించిన రెండు లారీలు, ఇంజిను విప్పిన ఒక ట్రాలీ ఆటో ఇన్ని రోజులూ లోపలే ఉండిపోయాయి. వాటి యజమానులు ముగ్గురూ ఇంటికి వచ్చి కూర్చుని వెళ్లారు గానీ, బండి ఊసు ఒక్కరూ ఎత్తలేదు. నెల తిరిగేసరికి వాళ్లు కట్టాల్సిన కిస్తీలు ఆగవని నాకు తెలుసు. ఆ మూడూ రోడ్డెక్కిన తరవాతే కొత్త బండి లోపలికి తీసుకుంటాం.

మీలో చాలామందికి నాన్న పేరు తెలియదు. బోర్డు మీద కూడా లేదు. డ్రైవర్లకూ, విడిభాగాల కొట్ల వాళ్లకూ ఆయన మిలిటరీ మేస్త్రి. నేను ఆయన చిన్న కూతురిని, బిల్లు రాసి ఇచ్చే మనిషిని. పన్నెండేళ్లుగా ఈ షెడ్డు లెక్కలు నా చేతిలోనే ఉన్నాయి కాబట్టి, చెప్పాల్సినవి నేనే చెప్పాలి.

మిలిటరీ అనగానే మాది పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరం అనుకునేవాళ్లు చాలామంది. కాదు, తెనాలి దగ్గర పల్లె. మా తాతకు ఎకరం పొలం, అయిదుగురు పిల్లలు. నాన్న 1968లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సైన్యంలో చేరారు. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్‌లో శిక్షణ. బళ్ల నుంచి ఆయుధాల దాకా సైన్యంలో చెడిపోయినవాటిని బాగుచేసే విభాగం అది. అక్కడ కింది స్థాయి జవానును సిపాయి అనరు, క్రాఫ్ట్స్‌మన్ అంటారు. ఆయన 1985లో హవల్దారుగా బయటికి వచ్చారు. అయినా ఎవరైనా హవల్దారు గారూ అంటే పెద్దగా పలికేవారు కాదు, క్రాఫ్ట్స్‌మన్ అంటే మాత్రం మొహం వెలిగేది.

1971 డిసెంబరులో ఆయన పడమటి సరిహద్దులో ఉన్నారు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మర్నాడు పడమట కాల్పులు ఆగాయి. ఆ రెండు వారాల గురించి మాకు చెప్పింది తక్కువ. తుపాకుల కథలు అడిగితే లారీల కథలు చెప్పేవారు. జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్ లారీలు ఇసుక మింగి ఊపిరాడక ఆగిపోయేవట. రాత్రిపూట దీపం కనిపించకూడదు. టార్చి అద్దానికి ఎర్ర కాగితం అంటించుకుని, టార్పాలిన్ కప్పుకుని ఇంజిను కిందికి దూరేవారట. విప్పిన నట్టు ఇసుకలో పడిందా, తెల్లారేదాకా దొరకదు. అందుకని విప్పిన వరుస తప్పకుండా ఒక్కొక్కటీ టోపీలో వేసుకునేవారట. మన షెడ్డులో ప్రతి బండి పక్కనా ఒక ఎనామిల్ గిన్నె ఎందుకుంటుందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. రెండు బళ్ల నట్లు ఒకే గిన్నెలో వేసిన రోజున కుర్రాళ్లు తిన్న తిట్లు బయట టీ కొట్టు దాకా వినపడేవి. ఆ యుద్ధానికి వచ్చిన పశ్చిమీ స్టార్ పతకం ఇంట్లో లేదు. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజీలు పెట్టుకునే రేకు డబ్బాలో, నూనె మరకల మధ్య దొరికింది.

ఇక మీరందరూ చెప్పుకునే ఆ చెవి. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకునేవారు. డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్ దగ్గరా అంతే. చివరికి వేలితో చూపించి ఇది విప్పు అనేవారు. ఎప్పుడూ తప్పలేదు అని నేను రాయను. రెండు మూడు సార్లు తప్పింది, ఆ పనులకు డబ్బు తీసుకోలేదు. డెబ్బయ్యో ఏట, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ కొన్నది కూడా ఆయనే. 2020 ఏప్రిల్ నుంచి కొత్త పొగ నిబంధనల బీఎస్-6 బళ్లు వచ్చాక స్కానర్ లేకుండా సగం పని జరగదని మా అందరికంటే ముందు ఆయనకే అర్థమైంది.

కాబట్టి మొదటి మాట: పాత లారీల డీజిల్ పంపు పని ఇక మనం చేయడం లేదు. ఆ పని ఆయన ఒక్కరికే వచ్చు. మా పెద్ద మేస్త్రికి ఇంజిను, క్లచ్చి, గేరుబాక్సు కొట్టిన పిండి. పంపు దగ్గర మాత్రం తన చేయి వణుకుతుందని తానే చెప్పాడు. చేస్తామని చెప్పి పాడుచేసే కన్నా, బాగా చేసే చోటు చెప్పి పంపిస్తాం.

రెండో మాట రాయడానికి నాలుగు రోజులు వెనకాడాను. ఈ షెడ్డు చాలా ఏళ్లుగా నష్టంలో నడుస్తోంది. సర్వీసు కూలి మన దగ్గర తక్కువని మీరు మెచ్చుకునేవారు. ఆ తక్కువకు కారణం నాన్న పింఛను. ఒకే ర్యాంకు ఒకే పింఛను పథకం 2014 జులై నుంచి వర్తించాక చేతికి వచ్చిన పెరుగుదల ఇంటికి రాలేదు, కుర్రాళ్ల జీతాల్లోకి వెళ్లింది. రేట్లు పెంచుదామని నేను ఏటా ఉగాదికి అడిగేదాన్ని. వచ్చే ఏడు చూద్దాంలే అనేవారు. అందరి ముందూ గొడవపడ్డ రోజులు కూడా ఉన్నాయి, మీలో కొందరు విన్నారు. ఆ పింఛను చివరి జీతంలో సగం లెక్కన వచ్చేది. అమ్మకు వచ్చే కుటుంబ పింఛను 30 శాతం లెక్కన. అది అమ్మ మందులకు, అమ్మ తిండికి. అందులోంచి ఒక్క రూపాయి కూడా షెడ్డులో పెట్టను. వచ్చే నెల మొదటి తేదీ నుంచి ఆటో సర్వీసు కూలి 350 నుంచి 500 అవుతుంది, చిన్న ట్రాలీలకు 600 నుంచి 850. లారీల పనికి ముందే కాగితం మీద రాసి ఇస్తాను. పక్క షెడ్లలో ఇంతకన్నా తక్కువకు చేస్తే, మొహమాటం లేకుండా అక్కడికే వెళ్లండి.

బాకీల పుస్తకం దొరికింది. నేను రాసే ఖాతా కాదు, ఆయన జేబులో పెట్టుకున్నది. పేర్లు లేవు. ‘నున్న మామిడికాయల బండి, 4,200, కోత అయ్యాక’. ‘గుణదల ఆటో, 1,800, పిల్ల ఫీజు కట్టాక’. కొన్నింటి మీద ఆయనే అడ్డంగా గీత కొట్టారు. గీత కొట్టినవి మీరు ఇచ్చారో, ఆయన వదిలేశారో నాకు అనవసరం, అవి తీరినట్టే. మిగతావి కలిపితే లక్షా పన్నెండు వేలు. ఎవరిదెంతో వాళ్లకే తెలుసు. ఇచ్చేశాం అంటే మీ మాటే లెక్క. ఆయన నోటితో ‘ఆరు నెలల్లో మళ్లీ వస్తే ఊరికే చేస్తా’ అని చెప్పిన పనులన్నీ సంక్రాంతి దాకా ఊరికే చేస్తాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వచ్చిన ఆటోల వివరాలు కూడా ఆ పుస్తకంలోనే ఉన్నాయి. అప్పటికి ఆయనకు డెబ్బై నాలుగు. ఫోను చేసిన ప్రతివాడికీ చెప్పింది ఒకటే: “తాళం తిప్పకు, తోసుకుని రా.” సిలిండర్లో నీళ్లుండగా ఇంజిను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ప్లగ్గు విప్పి నీళ్లు బయటికి కొట్టించి, ఇంజిను అడుగున నూనె ఉండే చాంబర్ బోల్టు వదిలితే, నూనె పాలు ఎక్కువైన టీలా కారేది. డీజిలు పోసి కడగడం, కొత్త నూనె పోసి కాసేపు నడపడం, అది మళ్లీ తెల్లబడితే మళ్లీ దించడం. కొన్నింటికి మూడుసార్లు. పుస్తకంలో 63 ఆటోలు, ప్రతి దాని ఎదురుగా నూనె ఖరీదు మాత్రమే. కూలి రాయాల్సిన చోట చుక్క పెట్టారు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా షెడ్డు మూసేస్తామని ఎన్నోసార్లు విసుక్కున్నారు మీరు. మిలిటరీ టైము అని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. 2019లో అమ్మకు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది. ఒంటిగంటకు నాన్న చేతులు మొదట కిరోసిన్‌తో, తరవాత రంపపు పొట్టుతో, తరవాత సబ్బుతో, చివరికి నిమ్మచెక్కతో కడుక్కుని ఇంటికి వెళ్లేవారు. అన్నం కలిపి, కరివేపాకు ఏరి పక్కన పెట్టి, ముద్ద ముద్దా తినిపించి, ఆమె నిద్రపోయాక తిరిగి వచ్చేవారు. ఆరేళ్లలో బయట ఎంత పెద్ద లారీ ఆగినా ఆ వేళ మారలేదు. ఎంత కడిగినా ఆ వేళ్లకు కిరోసిన్ వాసన పోయేది కాదు. అమ్మ మొహం చిట్లించేది, తినేది.

ఆ రెండు గంటలూ ఇకపైనా మూసే ఉంటుంది. ఇప్పుడు వెళ్లాల్సింది నేను.

నిన్న మొదటిసారి నేను అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. అమ్మ నా వేళ్ల వాసన చూసింది. మాట ఇప్పటికీ కాస్త ముద్దగానే వస్తుంది.

“ఇవాళ షెడ్డు తెరవలేదా?” అంది.

సోమవారం తెరుస్తున్నామని చెప్పాను.